ముందు నువ్వే బావా

"ఎదురింటావిడ ఏమందో తెలుసా? కారులోంచి వెనక సీటు పీకి వసారాలో పడేసిన మనిషి, రేపు పెళ్ళాన్ని కూడా బరువని అక్కడే పడేస్తాడు అందట. కుట్టుమిషనావిడ నవ్వాపుకోలేక నాకు చెప్పింది."

భార్య ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అంటోంది. బావ గడప మీద కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు గీక్కుంటున్నాడు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, ఆవిడ, ఆవిడ తమ్ముడు. తమ్ముడు పొద్దస్తమానం "బావా బావా" అని పిలవడంతో, వరస ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వీధంతా ఆయన్ని బావ అనే అంటారు.

"ఆవిడకేం తెలుసు కార్ల సంగతి! బరువు తగ్గితే కారు మలుపు బాగా తిరుగుతుంది."

"తిరిగిందా మరి?"

బావ గోరు ఇంకా గట్టిగా గీక్కున్నాడు.

తిరగలేదు. అదే ఆయన బాధ. ఊరి బయట సిమెంటు మైదానంలో నెలకోసారి కార్ల పోటీ. ఎర్ర కోన్లు పెట్టి పాము మెలికల దారి చేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కటే చుట్టు. కోను తగలకుండా ఎవరు తొందరగా వస్తే వాళ్ళదే గెలుపు. బావా, బావమరిదీ ఒకే కారుతో దిగుతారు. బావ ఎక్కితే ఆ చిన్న స్పోర్ట్స్ కారు మొదటి రెండు మలుపుల్లోనే సబ్బు నీళ్ళ మీద కాలేసినట్టు జారిపోతుంది. ఆయన దిగాక బావమరిది ఎక్కితే అదే కారు గీత గీసినట్టు వెళ్ళొస్తుంది.

బావ స్ప్రింగులు మార్చాడు. బావమరిది ఇంకా తొందరగా వచ్చాడు. బ్రేకులు మార్చాడు. బావమరిది మరికాస్త తొందరగా వచ్చాడు. చివరికి, నేలను జిగురులా పట్టుకుంటాయని షాపువాడు చెబితే మెత్తటి పోటీ టైర్లు తెచ్చి వేశాడు. ఆ రోజు బావ మునుపటికంటే ఎక్కువ జారాడు. బావమరిదికి కప్పు వచ్చింది.

"పొయ్యి ఊదేది నేను, పీట వేసుకు కూర్చునేది వాడు," అన్నాడు బావ కసిగా.

"రేపే కదా ఆఖరి పోటీ. మాట గుర్తుందిగా?"

గుర్తుండకేం! ఏడాది చివర జరిగే పెద్ద పోటీకి ఒక్కో కారుకి ఒక్కరినే పంపుతారు. రేపు ఇద్దరిలో గెలిచినవాడు వెళతాడు. బావ ఓడితే కారు అమ్మేయాలని భార్య ముందే ఒట్టు వేయించుకుంది.

"అమ్మేదేదో నాకే అమ్ము బావా. పరాయివాళ్ళ చేతిలో పడటమెందుకు," అన్నాడు లోపలినుంచి వస్తూ బావమరిది.

"కారు ఇంకా అమ్మకానికి రాలేదు లేరా."

భార్య బావ చొక్కా మడిచి అందించింది. ఆయన కాలరు పట్టుకుని చూశాడు. "దీన్ని ఇస్త్రీ అంటారా? ఆవు నమిలినట్టుంది."

"మొదటి చొక్కా అంతేనండీ. పెట్టె వేడెక్కేది దానితోనే కదా."

"అయితే ముందు వాడిది చెయ్యొచ్చుగా!"

"తప్పు బావా. పెద్దవాడివి. ఎప్పుడైనా ముందు నీదే," అన్నాడు బావమరిది. ఆ తర్వాత వాడి చొక్కా అద్దంలా తేలింది.

మర్నాడు మైదానంలో వీళ్ళ వంతు పిలిచేసరికి బావ బానెట్టుకి ఆనుకుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పిలుస్తున్నారు. ముందు నువ్వే బావా."

"ఇవాళ నువ్వు పో."

"నేనా? పెద్దవాడివి నువ్వుండగా..."

"ఏడాదిగా వింటున్నాను ఈ మర్యాద! మర్యాదకి మలుపు తిరుగుతుందా? మొదటి మలుపులో స్టీరింగ్ ఎలా పట్టుకుంటావో చూస్తాను. చూసి అలాగే పట్టుకుంటాను. పో!"

"కుదరదు బావా. నీ తర్వాతే నేను. అలవాటైపోయింది."

"ఆలస్యమైతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాం," అని అరిచాడు జెండా మనిషి.

బావమరిది మొహం మాడ్చుకుని కారు చుట్టూ తిరిగాడు. వాడికొక అలవాటుంది. ఎక్కేముందు ఎద్దు వీపు నిమిరినట్టు టైరుని అరచేత్తో నిమిరి, చిన్నగా నవ్వుకుని ఎక్కుతాడు. ఇవాళా నిమిరాడు. నవ్వలేదు.

మొదటి మలుపులో కారు పక్కకి జారి రెండు కోన్లని ఎగరగొట్టింది. రెండో మలుపులో ఇంకొకటి. జనం "అయ్యయ్యో" అన్నారు. బావ నోరు తెరుచుకుని చూశాడు. చూసి నేర్చుకోవలసింది ఏమీ కనబడలేదు.

వాడు దిగగానే ఆయన ఎక్కాడు. ఈసారి కారు మేకు కొట్టినట్టు నేలని పట్టుకుంది. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, ఆఖరిదాకా తిరిగింది. ఒక్క కోనైనా కదల్లేదు.

కప్పు పట్టుకున్న బావని ఆపడం ఎవరితరమూ కాలేదు. "స్ప్రింగులే! నేను చెప్పలా? ఎదురింటావిడతో చెప్పు, సీటు పీకింది ఊరికే కాదని!" అని, పోటీ చూడ్డానికొచ్చిన భార్య చేతిలోంచి నీళ్ళ సీసా లాక్కుని గటగటా తాగాడు. తర్వాత జాలిగా బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

"అదే కారు, అవే స్ప్రింగులు. మరి నువ్వెందుకు జారావురా? ఎంతైనా పనితనం చేతిలో ఉండాలంటావా?"

వాడు వంగి మళ్ళీ టైరుని అరచేత్తో నిమురుతున్నాడు.

"అడుగుతుంటే చెప్పవేంరా, నోట్లో నీళ్ళు పోసుకున్నావా?" అంది అక్క.

వాడు చప్పున తలెత్తాడు.

"ఇవాళ టైర్లు వేడి చేసింది నేను బావా."