మందు లేని బెల్లం

“ఇది బెల్లమా, బొగ్గా?” అన్నాడు వ్యాపారి దేవీప్రసాద్, దిమ్మని చెప్పుకాలితో తట్టి.

అప్పలనర్సమ్మకి ఒళ్ళు మండిపోయింది. “కాలు తియ్యి సావుకారూ! తినేదది.”

“తినేవాడుంటే కదా! అనకాపల్లి బెల్లమంటే బంగారంలా మెరవాలి. ఈ నలుపు చూసి యార్డులో ఒక్కడూ పాటకి రావడం లేదు. రేపట్నుంచి పాకంలో కాస్త మందు కలిపించు. రంగు తేలితే నేనే కొంటాను.”

“సిన్నపిల్లలు తినేదాంట్లో మందు పొయ్యను. పోత్తేగానీ సాగని పనైతే నాకొద్దు.”

“అయితే పని మానేసి ఇంట్లో కూర్చో!” అనేసి ఆయన పక్క రాశి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అదిగో, అక్కడే ఉంది చిక్కంతా. పని మానేస్తే మొగుడు వెంకటరమణ ఏమైపోతాడు? తుమ్మపాల దారిలో ఉన్న వాళ్ళ బెల్లం పొయ్యి ఉత్త పొయ్యి కాదు, ఆలుమగల ఒప్పందం దాని మీదే ఉడుకుతోంది. ఈ ఏడు చెరకు నరికిన రోజు పెనం ముందు నిలబడి ఆవిడే అంది: “నీ మందు నువ్వు మాను, నా మందు నేను మాన్తాను.” ఆయన సారా మానేశాడు. ఆవిడ రంగు మందు డబ్బా పట్టుకెళ్ళి కొట్టువాడి మొహాన కొట్టొచ్చింది. అప్పట్నుంచి ఆ మనిషి పగలంతా పాకం తిప్పి తిప్పి, ఒళ్ళలిసి హాయిగా పడుకుంటున్నాడు. ఇప్పుడీ బెల్లం పోకపోతే పొయ్యైనా ఆరాలి, పాకంలో మందైనా పడాలి. ఏది జరిగినా ఆయన మళ్ళీ సీసా పట్టుకుంటాడు.

అప్పలనర్సమ్మకి కాలు నిలవలేదు. దిమ్మల చుట్టూ తిరిగింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఇంతలో ఫోను మోగింది.

“పోయిందేటి?” అన్నాడు వెంకటరమణ.

“ఇంకా లేదు.”

“నాకు సేతులు ఊరుకోడం లేదే. రసం పొయ్యమంటావా, పొయ్యి ఆర్పీమంటావా?”

“ఆర్పకు! అక్కణ్ణుంచి కదిలేవంటే సూడు!”

ఫోను బొడ్లో దోపుకుంటూ ఉండగా వెనకనుంచి ఎవరో పిలిచారు. “పిన్నీ, ఈ నల్లబెల్లం నీదేనా?”

చూస్తే మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకున్న కుర్రాడు. పేరు తారక్ అనీ, సబ్బవరం అవతల్నుంచి వచ్చాననీ చెప్పాడు. ఓ ముక్క విరిచాడు. నోట్లో వేసుకోలేదు, వాసన చూశాడు. నీళ్ళ సీసాలో పడేసి గిలక్కొట్టి, వెలుతురుకి పెట్టి చూశాడు.

“మందు లేదు కదా?”

“సుక్క లేదు బాబూ! నా పిల్లల మీదొట్టు.”

“మాకు మందు పడదు పిన్నీ. పిసరంత తగిలినా సరుకంతా పాడైపోద్ది.”

హమ్మయ్య! బుద్ధున్నోడు ఒక్కడైనా దొరికాడు! అప్పలనర్సమ్మ గొంతు పెరిగింది. “అదే కదా బాబూ నేను మొత్తుకుంటన్నాను! తినేవోళ్ళకి మంచిది, వండేవోళ్ళ గుండెలకి మంచిది. ఇలాటి పని పదిమంది సేత్తే ఊరే బాగుపడద్ది!”

“మొత్తం నేనే పట్టుకెళ్తాను. ఇకమీద ఎంత వండితే అంత. పొయ్యి మాత్రం ఆపకండి.”

“ఏడాదంతానా?”

“మా సరుక్కి సీజన్ లేదు పిన్నీ.”

ఆవిడ వెంటనే మొగుడికి ఫోను కలిపింది. “రసం పొయ్యి! మందు లేదనే కొంటన్నాడయ్యా!”

అవతల పెనంలో రసం పడ్డ చప్పుడైంది. ఆ వెనకే ఆయన గొంతు వినిపించింది. “అయితే ఇంక నేను సచ్చినా ముట్టనే నర్సీ.”

“వండింది బాబాయేనా? చెయ్యి మంచిది,” అన్నాడు తారక్. దిమ్మలన్నీ వ్యానులోకి ఎక్కించి, పైన ఎండుగడ్డి కప్పించాడు.

“సావుకారూ, సూసేవా! బొగ్గన్నావు కదా!” అని యార్డంతా వినిపించేలా అరిచింది అప్పలనర్సమ్మ. దేవీప్రసాద్ వ్యానుని చూశాడు, గడ్డిని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. గబుక్కున అటు తిరిగిపోయాడు. కుళ్ళు, అనుకుందావిడ.

వ్యాను బయల్దేరబోతుంటే కిటికీ పట్టుకుని ఆశగా అడిగింది. “ఇంతకీ మీదేం యాపారం బాబూ? మిఠాయిలా, ఆయుర్వేదమా?”

తారక్ అటూ ఇటూ చూసి, నవ్వి, గొంతు తగ్గించాడు.

“మందు కలిసిన బెల్లంతో మందు కాయలేం కదేటి పిన్నీ! ఈ బెల్లం ఊట పులిసి సారా దిగనీ, తొలి సీసా బాబాయికే పంపుతాను.”