పొద్దుటి మిస్సింగ్

పటాన్‌చెరు ధాన్యం వ్యాపారి రాజేశం పాత కారు రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే మిస్సింగ్ కొడుతుంది. కాసేపు ముసలి మేకలా దగ్గి, ఇంజిన్ వేడెక్కాక బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్ శ్రీశైలం డూప్లికేట్ ప్లగ్గులు వేశాడని రాజేశం బజారంతా చాటాడు. దాంతో శ్రీశైలం షెడ్డుకు వచ్చే బండ్లు సగానికి పడిపోయాయి.

శ్రీశైలం ఆ కారును ఒక రాత్రి షెడ్డులోనే ఉంచుకున్నాడు. తెల్లారి చల్లటి ఇంజిన్ ఒక్కసారికే నిక్షేపంగా స్టార్టయింది.

"నీ దగ్గర మంచిగుంటది, నా ఇంటికాడ్నే సతాయిస్తది. ఏం మందు పెట్టినవ్ దీనికి?" అన్నాడు రాజేశం.

"రేపు పొద్దుగాల నేనే మీ ఇంటికొస్త సేటూ. రోజు ఎట్ల చేస్తరో గట్లనే చేయుండ్రి."

మర్నాడు శ్రీశైలం చూస్తుండగా రాజేశం బానెట్ ఎత్తాడు. ఇంజిన్‌కు కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లన్నీ భక్తిగా దానిమీదే పోశాడు. తాళం తిప్పగానే కారు దగ్గింది.

శ్రీశైలం ప్లగ్గు మూత పీకి, కింద గుంటలో నిలిచిన కొబ్బరినీళ్లు చూపించాడు. "గీ నీళ్లు ఎండేదాక మిస్సింగే సేటూ. నా తప్పు లేదని ఇగ బజార్ల గూడ చెప్పుండ్రి."

రాజేశం ఇంజిన్ ముందు లెంపలేసుకుని దండం పెట్టాడు.

"నీ తప్పు కాదంటే దేవుని తప్పంటరు గద శ్రీశైలం. జెర నీ మీదనే ఉండనీ."