రెండు శాతాలు

“తొంభై రెండు శాతమా? నిన్ను చూస్తే అలా లేవే. నా చెవిలో పువ్వు పెడుతున్నావా?” అంది హాస్టల్ వార్డెనమ్మ, కళ్లజోడు మీదుగా చూస్తూ.

ఫస్టమ్మ బిత్తరపోయింది. ఒకటో తరగతి నుంచీ ఫస్టు తప్ప ఎరగని పిల్ల కాబట్టి బడిలో అందరూ పెట్టిన పేరది. ఎడమకాలు మాత్రం చిన్నప్పుడే సన్నబడింది. ఇనప పట్టీల బూటు వేసుకుంటే గాని నడవలేదు. హాస్టల్లో కింది అంతస్తులో మిగిలింది ఒకే ఒక్క గది. అది దొరక్కపోతే మూడో అంతస్తే. అరవై మెట్లు, రోజుకి మూడుసార్లు ఎక్కి దిగాలి. అలాగైతే చదువూ గిదువూ వద్దు, ఇంటికి పోదాం అని నాన్న పొద్దున్నే తేల్చి చెప్పాడు. బయట వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

“నిజమే మేడమ్. ఇంకో రెండు రావలసింది, లెక్కల్లో పోయాయి.”

“లెక్కల్లో పోవడమేమిటి? మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

“మా అక్కకి ఎనభై మేడమ్. నాన్నకి ఆ రోజుల్లో యాభై దాటలేదు. అయినా ఆయనే రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని నన్ను ఇంతదాన్ని చేశారు.”

“కన్నతండ్రే చేశాడా?” వార్డెనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. కాస్త తేరుకుని మళ్లీ దరఖాస్తు చూసింది. “సరే, ఈ ముప్పై ఎనిమిదేమిటి? ఇంత తక్కువతో సీటెలా ఇచ్చారు నీకు?”

“తక్కువే ఉందని సంతోషించమన్నారు మేడమ్, డాక్టరుగారు. ఇక పెరగదట.”

“డాక్టరుకేం పని ఇందులో?”

“డాక్టరు కాకపోతే ఇంకెవరు వేస్తారు మేడమ్?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ ప్రశ్నకైనా ఠక్కున జవాబు చెప్పే పిల్లకి, ఈరోజు చెప్పిందల్లా ఎందుకు తప్పవుతోందో అంతుపట్టలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

పక్క బల్ల దగ్గర గుమాస్తా లేచి వచ్చాడు. దరఖాస్తు పక్కన మార్కుల జాబితా, కాలి వైకల్యం ఎంత శాతమో డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్టు పెట్టి చూసి నాలిక కరుచుకున్నాడు. “నేనే ఎక్కించానండి. రెండూ శాతాలే కదా, తారుమారయ్యాయి. మార్కుల గడిలో కాలు పడింది, కాలి గడిలో మార్కులు పడ్డాయి.”

వార్డెనమ్మ పగలబడి నవ్వింది. ఫస్టమ్మకీ కళ్లు తుడుచుకుంటూనే నవ్వొచ్చింది.

“బంగారుతల్లివి. నా మతి మండా, మీ నాన్నని ఎంత మాటన్నాను,” అంటూ వార్డెనమ్మ కొత్త దరఖాస్తు తీసింది. ఈసారి గుమాస్తాని నమ్మకుండా గడిగడికీ వేలు పెట్టి తనే రాసింది. మార్కులు, తొంభై రెండు. కాలు, ముప్పై ఎనిమిది.

అక్కడ కలం ఆగిపోయింది. దరఖాస్తు వెనక్కి తిప్పి, అచ్చువేసిన నిబంధనలు చదివింది. మళ్లీ చదివింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

“కింది గదికి పాసు మార్కు నలభై అమ్మా,” అంది మెల్లగా. “రెండు తక్కువయ్యాయి. నువ్వు తప్పావు.”