ముల్లు చూపించిన దొంగ

గోదాం కాలుతోంది. లోపల అయిదుగురు ఫైర్‌మెన్ ఉన్నారు. పైకప్పు ఒరుగుతోందని కంట్రోల్ రూమ్ నుంచి చెబుతున్నారు. వాళ్ల వైర్‌లెస్ సెట్లలో మాత్రం ఒకటే కూత.

ఎవరో లైసెన్సు లేని యంత్రంతో ఫైర్ సర్వీసు ఫ్రీక్వెన్సీ మీదకి వచ్చి పడుతున్నారు. పొద్దున్నుంచీ ఆ కూత వస్తోంది, పోతోంది. ఇప్పుడు మళ్లీ వచ్చింది.

వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు, రిపేరు షెడ్డు నుంచి ఆ ఉదయమే తిరిగొచ్చిన జీపులో, కూత ఎక్కణ్ణుంచి వస్తోందో ముల్లుతో చూపించే మీటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాలుతున్న గోదాం చుట్టూ వీధులన్నీ గాలిస్తున్నాడు.

"పట్టుకుంటామంటారా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఇరవై రెండేళ్ల సర్వీసు బాబాయ్. నేనెవర్నీ పట్టుకోలేదు. నన్ను మాత్రం బీపీ, షుగరు పట్టుకున్నాయి."

మంగలి షాపు ముందు మీటరు ముల్లు చివరికంటా వెళ్లి నిలబడింది.

"ఆపు. వీడే."

జీపు ఆగింది. రూలు ప్రకారం ఇన్‌స్పెక్టరు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. "ఆగామమ్మా. టైము రాసుకో."

"కూత కూడా ఆగింది సార్," అంది ఆపరేటరు అమ్మాయి.

ఇన్‌స్పెక్టరు లోపలికి దూకాడు. ఒక గడ్డం సగం గీసి ఉంది. మూల పాత యాంప్లిఫయరు పాడుతోంది.

"నన్ను చూసి ఆపేశావు కదూ?"

"ఏం ఆపాను సార్? పాట వినిపిస్తూనే ఉందిగా. అది లేకపోతే గడ్డానికొచ్చినోళ్లు కుర్చీలోనే నిద్రపోతారు."

యాంప్లిఫయరు జీపెక్కింది. "బయల్దేరామమ్మా. దొంగ దొరికాడు."

"మళ్లీ మొదలైంది సార్. గోదాం దగ్గర ఫైరాఫీసరు అరుస్తున్నాడు, ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

ఇన్‌స్పెక్టరు నుదురు కొట్టుకున్నాడు. "నా మొహానికి మొదటి చోటే దొరుకుతాడా!"

రెండు వీధుల అవతల, ఒక పెంకుటిల్లు. ముల్లు మళ్లీ చివరికంటా వెళ్లింది. జీపు ఆగింది. ఫోన్ చేస్తే, కూతా ఆగిందంది ఆపరేటరు. ఇంటి మీద టీవీ యాంటెన్నా, దానికో బూస్టరు. కింద ఒక ముసలమ్మ.

"దీనికి లైసెన్సుందా అమ్మమ్మా?"

"నాకే రేషను కార్డు లేదు నాయనా, దానికెక్కణ్ణుంచి తేను? వచ్చేదే రెండు చానళ్లు. అందులో ఒకదాంట్లో పొద్దస్తమానం చుక్కల వానే."

"స్వాధీనం చేసుకోవాలి."

"పట్టుకెళ్లు. తిరిగిచ్చేటప్పుడు ఆ వానేదో కాస్త ఆపించి తీసుకురా."

బయల్దేరామని ఫోన్ చేశాడు. కూత మొదలైంది.

"అర్థమైంది బాబాయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వాడు ఇంట్లో లేడు. బండిలో తిరుగుతున్నాడు. మనం ఆగితే ఆపేస్తాడు, కదిలితే మొదలెడతాడు. మనల్ని కనిపెట్టుకునే ఉన్నాడు. పోనీ, గట్టిగా పోనీ."

డ్రైవరు పోనిచ్చాడు. సందులు, మలుపులు, ఒక సంత. ముల్లు చివరనే అతుక్కుపోయింది. ముందు బండి లేదు, వెనక బండి లేదు. ఆఖరికి ఒక గోడ అడ్డొచ్చింది. ఇక దారి లేదు.

ఇంజను ఆగింది. ఇన్‌స్పెక్టరు మీటరు మీద తల వాల్చాడు. అయిదుగురు. వాళ్ల ఇళ్లకి వెళ్లి ఏమని చెప్పాలి? యాంప్లిఫయరు పట్టుకున్నాననా?

"ఆగామమ్మా," అన్నాడు ఫోన్లో. "ఇక నా వల్ల కాదు."

అవతల ఆమె టైము రాసుకుంది. ఆమె వెనక రేడియోలో ఫైరాఫీసరు గొంతు స్పష్టంగా వినపడింది. "కప్పు పడుతోంది, బయటికి రండి, అందరూ బయటికి రండి." తర్వాత లెక్క. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. చాలాసేపటికి, అయిదో మనిషి.

ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకున్నాడు. "చూశావా బాబాయ్? తరిమి తరిమి వాణ్ణి హడలగొట్టాం. తోక ముడిచాడు." ఫోన్లో అన్నాడు, "వాడెవడో ఒక్కటి తెలిస్తే చాలమ్మా, ఈ ఇరవై రెండేళ్లూ జీతం ఊరికే తినలేదనిపించేది."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"తెలిసింది సార్."

"ఎవడు? నీళ్లు నమలకు, చెప్పు."

"మీరు 'ఆగాం' అన్న ప్రతి నిమిషం దగ్గరా కూత ఆగినట్టుంది, 'బయల్దేరాం' అన్న ప్రతి నిమిషం దగ్గరా మొదలైనట్టుంది, ఆ దొంగ పొద్దున రిపేరు నుంచి వచ్చిన మీ జీపు ఇంజనే సార్, దయచేసి నడిచి రండి."