పదికి మూడున్నర

“మేడమ్, ఇది లైబ్రరీ పుస్తకమండీ, ఆన్సర్ పేపరు కాదు!” అంటూ లైబ్రేరియన్ నవల తెరిచి చూపించింది. పేజీ పేజీకీ ఎర్రసిరా మార్కులు: పదికి నాలుగు, పదికి మూడున్నర.

ముప్పై ఏళ్లు జవాబుపత్రాలు దిద్ది రిటైరైన ప్రొఫెసరమ్మ ముఖం చిన్నబోయింది. “పాడు అలవాటు తల్లీ! నా కార్డు రద్దు చేసేస్తావా?”

“చేసేదాన్నే. కానీ నూటపదో పేజీ తర్వాత ఒక్క గీత కూడా లేదు. విసుగొచ్చి వదిలేశారా?”

“వదలడమా! చివరిదాకా చదివాను.”

అన్నాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ఆ పేజీ తర్వాత కలం పట్టిన గుర్తు లేదు. పాలు మాడి వంటిల్లంతా పొగ కమ్మిన గుర్తు మాత్రం ఉంది.

“మరి మొత్తంమీద ఎన్ని మార్కులు?”

“వేయడం మరిచేపోయాను,” అంది ప్రొఫెసరమ్మ, కాపీ కొడుతూ దొరికిపోయిన విద్యార్థినిలా. “అది సరే గానీ, దీనికి రెండో భాగం ఉందా?”

లైబ్రేరియన్ నవ్వాపుకుంటూ పుస్తకాల అర వైపు నడిచింది.