కప్పకు సింగారం

“ఏమండీ, కప్ప దొరికిందా?” ఫోన్‌లో భార్య అరుపుకి ఫొటోగ్రాఫర్ చెవి గింగురుమంది.

“ఇక్కడే ఉంది, కుండీ వెనకాల. పాపకెలా ఉంది?”

“నురగ కక్కుతోందండీ! కళ్ళు తేలేస్తోంది. ఏ కప్పని నోట్లో పెట్టుకుందో తెలియకుండా విరుగుడు ఇంజెక్షన్ ఇవ్వనంటున్నారు డాక్టర్ గారు. విషం లేని కప్పయితే ఆ మందే ప్రాణం మీదకి తెస్తుందట. మొహం దగ్గరగా, స్పష్టంగా ఫొటో తీసి పంపమంటున్నారు. తొందరగా!”

ఫొటో తియ్యమని అతనికి ఒకరు చెప్పాలా? చీమ మీసాలు లెక్కపెట్టుకునేంత దగ్గరగా తీసే మనిషి. కప్పలంటే మరీనూ. వీధిలో పిల్లలందరికీ అతను ‘కప్పల మామయ్య’. ఎవరైనా అడగడమే తరువాయి, పాఠం మొదలెట్టేవాడు. నిలబడి పైనుంచి తియ్యకూడదు, బోర్లా పడుకుని కప్ప కంటికి మన కన్ను ఎదురు పెట్టాలి. ఫ్లాష్‌కి పల్చటి కాగితం అడ్డం పెట్టాలి, లేకపోతే తడి చర్మం మెరిసి ఏమీ కనపడదు. ఏది మసకయినా కన్ను మాత్రం మసక కాకూడదు.

ఆ పాఠాలన్నీ ఇప్పుడు గాలికి కొట్టుకుపోయాయి. ఫోన్ పట్టుకుని పెరటి బురదలో బోర్లా పడ్డాడు. కంగారులో గబగబా నొక్కాడు. మసక. మళ్ళీ నొక్కాడు. ఇంకా మసక. మూడోసారి ఫ్లాష్ తళుక్కుమని కప్ప తలంతా తెల్లటి మచ్చయి కూర్చుంది. వచ్చినవి వచ్చినట్టే పంపేశాడు.

“నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ, ఒక్క క్షణం కదలకు!” అని కప్పని బతిమాలాడు.

కప్ప కాళ్ళు ఎవరికి దొరికాయి గనక? ఒక్క గెంతు గెంతి మురుక్కాలవ బండ కిందకి దూరిపోయింది. బండ ఎత్తబోయాడు. గోళ్ళు విరిగాయి గానీ అది ఇసుమంత కూడా కదల్లేదు.

మళ్ళీ ఫోన్. “ఇవేం ఫొటోలండీ? మట్టిముద్దో కప్పో తెలియడం లేదంటున్నారు. లోకంలో ఉన్న పురుగుకీ పుట్రకీ తీస్తారు, మన పిల్ల కోసం ఒక్కటి తీయలేరా?”

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. బండ పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బుర్ర కప్పల తక్కెడయిపోయింది, ఒక ఆలోచన పట్టుకునేలోగా ఇంకోటి దూకేస్తోంది. ఇంకో డాక్టర్ని వెతకాలా, గునపం వెతకాలా, దేవుణ్ణి వెతకాలా?

అప్పుడు తట్టింది. పొద్దున ఇదే కప్పని, ఇదే కుండీ మీద తీశాడు కదూ! పాప పక్కన కూర్చుని చప్పట్లు కూడా కొట్టింది. క్యాలెండర్ వాళ్ళకి పంపిన ఆ ఫొటో ఫోన్‌లోనే ఉంది. ఏళ్ళ తరబడి కప్పల్ని తీస్తున్నాడు గానీ అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. కళ్ళు తుడుచుకుని పంపేశాడు.

“వచ్చిందండీ... డాక్టర్ గారు చూస్తున్నారు,” అంది భార్య. ఆస్పత్రిలో ఏదో యంత్రం కూత, పాప మూలుగు వినిపిస్తున్నాయి. ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు.

ఈసారి డాక్టరే మాట్లాడాడు. “పాప నోట్లో పెట్టుకున్నది ఈ కప్పేనా? ఖాయమేనా?”

“ఇదేనండీ! పాప మీద ఒట్టు!”

“అబ్బ, ఎంత బాగా తీశారండీ! ఇలాంటిది ఒక్కటి చాలు మాకు. విషం ఉన్న జాతికి కళ్ళ వెనక రెండు పెద్ద బుడిపెలుంటాయి. విషమంతా వాటిల్లోనే. దీనికి చూడండి, తమలపాకులా నున్నగా ఉంది. ఇది సాధువు. ఇంజెక్షన్ అవసరం లేదు. పాపకి ఇంకేదో అయ్యుంటుంది, నెమ్మదిగా చూద్దాం. సిస్టర్, ఆ సూది పక్కన పెట్టెయ్యండి.”

“మన పాపని బతికించారండీ!” వెనకనుంచి భార్య గొంతు, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

అతను దిగ్గున లేచాడు. పెరడంతా అదిరేలా కేక పెట్టాడు.

“ఆగండి డాక్టర్ గారూ! బుడిపెలు ఉన్నాయి... చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని ఫొటోలో నేనే చెరిపేశాను!”