గుమ్మం బయట చెప్పులు

"బూట్లు పట్టుకుని దేవుడి ముందు కూర్చుంటారా? బుద్ధుందా మీకు?"

చెప్పుల షాపు యజమాని అరుపుకి ఆసుపత్రిలోని ప్రార్థన గది మారుమోగింది.

ఆ గదిలో ఉన్నదల్లా ఒక దీపం, ఒక చాప, చాప మీద ఒక పెద్దాయన. ఆయన ఒళ్లో ఒక జత బూట్లు. వాటిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

షాపు యజమాని మామూలుగా ఇలా నోరు పారేసుకునే మనిషి కాదు. కానీ ఆ రోజు అతని మనసు అతని చేతిలో లేదు. పై అంతస్తులో కూతురు గొట్టాల మధ్య పడుకుని ఉంది. ఆ పిల్ల గుండె ఇక లాగలేదని డాక్టరు తేల్చేశాడు.

ఇందాకే పక్కకు పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఒక గుండె దొరికేలా ఉందండీ. మీ అమ్మాయికి సరిపోతుంది. కానీ ఆ కుర్రాడి తండ్రి ఇంకా ఊ అనలేదు. కాసేపు టైం అడిగాడు."

"ఎవరండీ ఆయన? వెళ్లి కాళ్లు పట్టుకుంటాను!"

"అది మేం చెప్పకూడదు, మీరు అడగకూడదు. సాయంత్రం లోపు ఆయన ఒప్పుకోకపోతే మాత్రం..."



ఇక మిగిలింది దేవుడే. షాపు యజమాని మెట్లన్నీ పరుగున దిగాడు. గుమ్మం దగ్గర ఎవరివో పాత చెప్పులు అడ్డంగా ఉంటే కాలితో బెంచీ కిందికి నెట్టేశాడు. తనవి మాత్రం ఆ కంగారులో కూడా జతచేసి విడిచాడు. లోపలికి వస్తే ఇదీ సంగతి.

రోజంతా చెప్పుల మధ్య బతికే మనిషి. షాపులో దీపం పెట్టే మూల వైపు ఒక్క చెప్పుల డబ్బా కూడా పెట్టనివ్వడు. అతని చాదస్తం చూసి పనివాళ్లు చాటుగా నవ్వుకుంటారు. అలాంటివాడికి ఒళ్లు మండిపోయింది.

"మిమ్మల్నే! బయట పెట్టి రండి."

"బయట పెట్టలేనండీ," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

"ఏం? ఎవరైనా ఎత్తుకుపోతారనా? అంత ప్రాణమా వాటి మీద?"

"అవునండీ. ప్రాణమే."

ఆ జవాబు అతనికి వెటకారంలా తగిలింది.

"నా కూతురు చావుబతుకుల్లో ఉందయ్యా! నేను దేవుడికి చెప్పుకోవాలి. పక్కన మీరిలా అపచారం చేస్తూ కూర్చుంటే ఆయన నా మొర వింటాడా? లేవండి ముందు!"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. షాపు యజమాని వినిపించుకోలేదు. బూట్లు లాక్కుని గుమ్మం బయటికి గిరాటేశాడు.

ఒకటి గోడకు తగిలి బోర్లా పడింది.

పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. బయటికి వెళ్లి, వంగి, రెండింటినీ ఏరుకున్నాడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. తిట్టలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

లోపల షాపు యజమాని చాప మీద కూలబడ్డాడు. కోపం దిగగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"స్వామీ, నా చిట్టితల్లిని నాకు వదిలెయ్. ఆ తండ్రెవరో నాకు తెలీదు. ఆయన మనసు కరిగించు. ఒక్కసారి ఊ అనిపించు. జన్మంతా ఆయన్ని నీతో సమానంగా చూసుకుంటాను."

వెక్కి వెక్కి ఏడ్చాడు. కిటికీలోంచి చాప మీద పడిన ఎండ గోడ మీదికి పాకింది. పైనుంచి కబురు లేదు. లేచి వెళ్లి అడగడానికి ధైర్యమూ లేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఒప్పుకున్నారు సార్!" అంది నర్సు ఆయాసపడుతూ. "రండి, అమ్మాయిని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు!"

మర్నాడు పొద్దున డాక్టరు మాస్కు కిందికి లాగి నవ్వాడు.

"కొట్టుకుంటోందండీ. దిట్టంగా కొట్టుకుంటోంది."

షాపు యజమాని మళ్లీ ప్రార్థన గదికి పరుగెత్తాడు, ఈసారి దండం పెట్టుకోవడానికి. గుమ్మం దగ్గర ఆయా ఊడుస్తోంది. బెంచీ కిందనుంచి పాత చెప్పులు బయటికి లాగింది.

"ఇవి మీవా బాబూ?"

"కాదమ్మా," అన్నాడు. అలవాటు కొద్దీ సైజు చూశాడు. చిన్న పాదం, వయసు మళ్లిన నడక.

చటుక్కున నిన్నటి బూట్లు కళ్ల ముందు మెదిలాయి. పెద్ద సైజు, కుర్రాళ్లు ఎగబడి కొనే రకం. ఆ పెద్దాయన కాలికి పట్టేవి కానే కావు. చూపుతోనే సైజు చెప్పే తనకు నిన్న అది కంటికి ఆనలేదు.

"నిన్న ఇక్కడ బూట్లు పట్టుకుని ఒకాయన..."

"ఆయనవా ఇవి! అయ్యో, ఒట్టికాళ్లతోనే వెళ్లిపోయాడు పాపం. ఆ బూట్లు వాళ్లబ్బాయివి బాబూ. బండి మీంచి పడ్డాడు. ఇక లేవడని చెప్పి, కాళ్లకున్నవి తీసి తండ్రి చేతిలో పెట్టారు."

షాపు యజమాని ఆ చెప్పులు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లాడమ్మా?"

"వెంటనే ఎక్కడ వెళ్లాడు? ఈ తలుపు బయట చాలాసేపు నిలబడ్డాడు. లోపల ఎవరో కూతురి కోసం మొక్కుకుంటూ ఏడుస్తున్నారు, అదంతా విన్నాడు. నేను ఊడ్చుకుంటూ వస్తే పక్కకు జరిగి, కళ్లు తుడుచుకుని ఒక మాటన్నాడు."

"ఏమని?"

"'ఆయన అడుగుతున్నది దేవుణ్ణి కాదమ్మా, నన్నే' అని, డాక్టరు గదికి నడిచాడు."